వెలుగు నొక్కే మీట

వానాకాలం చివర్లో బిలాస్‌పూర్ నుంచి ముంగేలి రోడ్డు పట్టుకుని తఖత్‌పూర్ వైపు వెళ్తే కనుచూపు మేరా వరే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికొచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తది కాదు. రెండు తరాలు రైల్వే క్వార్టర్లలో గడిచినా, చేను పొట్ట మీదుందో, ఈనిందో చూపుతోనే చెప్పేవాళ్లు ఆ ఇళ్లలో ఇంకా ఉన్నారు.

పాత దేశవాళీ వరి రకాలు చాలావాటికి ఒక పట్టుదల ఉంటుంది. ముందు నాటినా, కాస్త వెనక నాటినా, పగలు కురచై రాత్రి సాగేదాకా వెన్ను తీయవు. అంటే మొక్క రాత్రిని కొలుస్తోంది. దేనితో? 2005లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో దీనికి చక్కని జవాబు దొరుకుతుంది. చీకట్లో ఉంచిన వరి మొక్కలకు నడిరాత్రి పది నిమిషాలు దీపం చూపించారు. పూతకు కబురు మోసే హెచ్‌డి3ఎ అనే జన్యువు అణిగిపోయింది, పూత వెనకబడింది. ఫైటోక్రోమ్-బి అనే ప్రోటీన్ లోపించిన మొక్కలకు మాత్రం ఆ దీపం పట్టనే లేదు. వెలుగు వచ్చి మీట నొక్కింది ఆ ప్రోటీన్ మీదే అన్నమాట.

మందు చల్లలేదు, మొక్కను ముట్టుకోలేదు. వెలుగు కణం లోపలికి వెళ్లి ఒక ప్రోటీన్‌ని కదిలించి వచ్చింది. పొలంలో ఎప్పటినుంచో జరుగుతున్న ఈ పనిని మన కణాల్లోనూ చేయించగలమా అన్న ఆలోచన నుంచే ఇవాళ్టి ఆప్టోజెనెటిక్స్, అంటే వెలుగుతో కణాలను నడిపే శాస్త్రంలో ఒక పెద్ద పాయ పుట్టింది.

ఫైటోక్రోమ్ నడక రైల్వే ఊరివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, రంగులు మాత్రం తారుమారు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు లెట్యూస్ విత్తనాలకు ఎర్రకాంతి చూపిస్తే మొలిచాయి. వెంటనే కంటికి సరిగా ఆనని మరింత ముదురు ఎరుపు చూపిస్తే ఆగిపోయాయి. మళ్లీ ఎరుపు, మళ్లీ ముదురెరుపు అంటూ ఎన్నిసార్లు మార్చినా ఆఖరున చూపిన రంగు మాటే చెల్లింది. మన లైన్లో ఎరుపంటే ఆగు. విత్తనంలో ఎరుపంటే కదులు.

ఫైటోక్రోమ్‌లాగే వెలుగుకు పలికే మరో ప్రోటీన్ కథ హైదరాబాద్‌లో ఉంది. కిటికీలో పెట్టిన మొక్క వెలుగువైపు వంగుతుంది కదా, ఆ వంపు వెనక ఉన్నది ఫోటోట్రోపిన్. నీలి కాంతిని పట్టుకునే ప్రోటీన్ ఇది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ, వై. శ్రీలక్ష్మిల బృందం వెలుగువైపు వంగని టమాటా నారును పట్టుకుంది. దానికి ఎన్‌పీఎస్1 అని పేరు. 2014లో వెలువడిన వాళ్ల వ్యాసం ప్రకారం ఆ మొక్క ఫోటోట్రోపిన్-1లో 495వ స్థానంలో ఉండాల్సిన ఆర్జినైన్ బదులు హిస్టిడిన్ చేరింది. ప్రోటీన్ అనే దండలో ఒకే ఒక్క పూస మారింది. మసక నీలివెలుగులో ఆ నారు వంగదు, ఆకుల రంధ్రాలు సరిగా తెరుచుకోవు. టమాటా నారు వంగకపోతే ఎవరికేం నష్టమని అడిగేవాళ్లుంటారు. నాకైతే ఆ ప్రశ్న వింటే బాధ కలుగుతుంది. ఎందుకంటే ఆ పూస మారిన చోటు, ఎల్ఓవీ2 అనే భాగానికి ఆనుకునే ఉంది. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు వెలుగు మీటగా వాడుతున్న భాగం అదే.

అది పనిచేసే తీరు చూడండి. ఎల్ఓవీ2 గుండెలో బి2 విటమిన్ నుంచి తయారైన చిన్న రసాయనం కూర్చుని ఉంటుంది. నీలి కాంతి తగలగానే అది పక్కనున్న సిస్టీన్‌ను పట్టుకుంటుంది. ఆ కుదుపుకి, ప్రోటీన్ ఒంటికి అంటుకుని ముడుచుకున్న ఒక చుట్ట విడిపోతుంది. పాత స్టేషన్లలో కేబిన్ మనిషి లివర్ లాగితే దూరాన సిగ్నల్ రెక్క కదిలినట్టే. వెలుగు ఆపేస్తే కాసేపటికి చుట్ట మళ్లీ తన చోటికి చేరుతుంది.

2009లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో క్లాస్ హాన్ బృందం ఓట్స్ మొక్కలోని ఎల్ఓవీ2ను తీసి, ర్యాక్1 అనే ప్రోటీన్‌కు తగిలించింది. కణాన్ని నడిపించే ప్రోటీన్ అది. చీకట్లో ఎల్ఓవీ2 దాని నోరు మూసి ఉంచుతుంది, నీలి కాంతి పడితే వదిలేస్తుంది. కణం అంచున చిన్న నీలి చుక్క వేశారు. ఆ చుక్క ఉన్న వైపే కణం పొర సాగింది. చుక్కను జరిపితే కణం ఆ వెంటే నడిచింది.

మందుకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. మందు వేస్తే కణం మొత్తానికీ చేరుతుంది, పోవడానికి సమయం తీసుకుంటుంది. అది ఊరంతటికీ ఫ్యూజు తీయడం లాంటిది. వెలుగైతే ఒక్క ఇంట్లో ఒక్క గదిలో స్విచ్ వేసి, మళ్లీ ఆపేయొచ్చు. క్యాన్సర్ కణం ఎందుకు కదిలి వెళ్తుంది, గాయం అంచున కణాలు ఎలా ముందుకు జరుగుతాయి అని అడగడానికి ఇంతకన్నా సున్నితమైన చెయ్యి జీవశాస్త్రానికి దొరకలేదని నా నమ్మకం.

అడ్డంకి లేకపోలేదు. టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఎరుపే బయటికొస్తుంది. నీలి కాంతి మాంసంలో లోతుకు పోదు. ఎర్రకాంతికి పలికే ఫైటోక్రోమ్‌ను వాడదామంటే దానికి కావాల్సిన రంగుపదార్థం జంతుకణాల్లో తయారవదు, బయటి నుంచి ఇవ్వాలి.

వెలుగు లోపలికి పోవడానికి దారి తెరిచి ఉన్న చోటు ఒకటి మన ఒంట్లో ఉంది. అది కన్ను. నాచులో దొరికిన ఛానల్‌రొడాప్సిన్ అనే మరో ప్రోటీన్, వెలుగు పడగానే కణం పొరలో తలుపు తెరిచి విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. దాన్ని వివరించిన 2002, 2003 నాటి జర్మన్ వ్యాసాల్లో సునీల్ కటేరియా అనే భారతీయుడి పేరూ ఉంది. జోసే-అలాన్ సాహెల్, బోటొండ్ రోస్కాల బృందం ఈ కుటుంబానికే చెందిన ప్రోటీన్ జన్యువును, రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు పోయిన 58 ఏళ్ల మనిషి కంటికి ఇచ్చి, ఫలితాలను 2021లో ప్రచురించింది. మన ఇళ్లలో రేచీకటి అంటూ మొదలై చుట్టూ గోడ కట్టేసినట్టు చూపును మింగే జబ్బుల్లో అదొకటి. ఆయనకు కెమెరా ఉన్న కళ్లద్దాలు పెట్టారు. ఎదుటి దృశ్యాన్ని అవి నారింజ పసుపు కాంతిగా మార్చి కంట్లోకి పంపుతాయి, ఆ ప్రోటీన్‌కు బాగా అందే రంగు అదే కనుక.

రైల్వే ఇళ్లలో చూపంటే బతుకుతెరువు. ఇంజిన్ నడిపేవాళ్లకు ఏ-1 కేటగిరీ కంటిపరీక్ష ఎంత గుండెదడో, డీకేటగరైజ్ అయ్యాడన్న, అంటే ఆ పనికి పనికిరాడని తేల్చారన్న మాట ఇంటిల్లిపాదినీ ఎలా కుంగదీస్తుందో బిలాస్‌పూర్ కాలనీల్లో ఎవరినడిగినా చెబుతారు. ఈ చికిత్స వాళ్లను తిరిగి ఇంజిన్ ఎక్కించేది కాదు. ఆ 58 ఏళ్ల మనిషికీ ముఖాలు గుర్తుపట్టేంత చూపు రాలేదు. కానీ నెలల సాధన తర్వాత బల్ల మీది పుస్తకాన్ని వెతికి తాకగలిగాడు, గ్లాసులు లెక్కపెట్టగలిగాడు. వీధిలో నడుస్తుంటే రోడ్డు దాటేచోట గీసిన తెల్లచారలు కనిపించాయని చెప్పాడు.