కొత్త బండికి నీరసం ఎందుకొచ్చింది?

 

ఈసారి మన గోడపత్రికలో నేను బండి గురించి రాస్తున్నాను. ఆడపిల్లకి బండి సంగతి ఎందుకని నవ్వకండి. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

జరిగిన సంగతి

మాది కంచిలికి పడమట కొండ దగ్గర ఒక సవర గూడ. మా చిన్నమావ ఫైనాన్సు మీద ఏడుగురు కూర్చునే కొత్త డీజిల్ బండి తీశాడు. అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. రోజూ గూడ నుంచి కంచిలికి మనుషుల్ని దించి వస్తుంటాడు.

సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు మా తాతని డయాలసిస్‌కి పలాస తీసుకువెళ్తుంటే అమ్మతో పాటు నేను కూడా ఎక్కాను. మా తాత వయసులో ఉన్నప్పటి నుంచి ఉద్దానం జీడితోటల్లో కూలిపని చేశాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలుపెట్టింది కూడా ఈ జబ్బు వల్లనే. కిడ్నీలు చెయ్యవలసిన పని డయాలసిస్ మిషను చేస్తుంది. వంతు తప్పితే కాళ్ళు వాచిపోతాయి, ఆయాసం వస్తుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది.

కంచిలి దగ్గర హైవే ఎక్కాం. హరిపురం ఇంకా రాలేదు, బండి ఉన్నట్టుండి నీరసపడిపోయింది. మావ ఎక్సిలేటరు ఎంత తొక్కినా ముప్పై దాటడం లేదు. వెనక నుంచి లారీలు హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. నాకు గుండె దడదడలాడింది.

"కొత్త బండి, ఏటయిపోనాది దీనికి!" అని మావ తల పట్టుకున్నాడు. ఇంకా ఎన్ని కిస్తీలు కట్టాలో గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బండికి కోడిని కోయలేదు, అందుకే ఇలగయిందని తాత సవరలో అన్నాడు. దారిన పోయే ఒకాయన ఆగి, "డీజిల్లో కిరసనాయిలు కలిపీసుంటారు" అన్నాడు.

తాతని, అమ్మని పలాస పోయే ఆర్టీసీ బస్సు ఎక్కించి, మేము బండిని ఎడమ అంచున మెల్లగా నడుపుకుని కంచిలి తెచ్చాం. మెకానిక్కు స్టీరింగు కింద సాకెట్టుకి చిన్న మిషను తగిలించి చూసి, "ఇంజనుకి ఏ రోగమూ లేదు. పొగ గొట్టంలో మసి నిండిపోయింది. దీపం వెలిగితే ఎందుకు చూడలేదు మావయ్యా?" అని అడిగాడు.

ఆ దీపం రెండు వారాలుగా వెలుగుతోందట! ఎర్రది కాదు, పసుపుదే కదా అని మావ ఊరుకున్నాడట. బండితో ఇచ్చిన పుస్తకం కవరు కూడా విప్పకుండా డబ్బాలో ఉంది. మావ తెలుగు కూడబలుక్కుంటాడు గాని ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను దాన్ని హాస్టలుకి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, సైన్సు సారుని అడిగి అర్థం చేసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మసి ఎక్కడ నుంచి వచ్చింది?

డీజిల్ ఇంజను ముందు గాలిని పీల్చి గట్టిగా నొక్కుతుంది. నొక్కితే గాలి బాగా వేడెక్కుతుంది. అందులో డీజిల్ చిమ్మితే మండి పిస్టన్‌ని తోస్తుంది. పూర్తిగా మండని డీజిల్ మసి అవుతుంది. పాత బండ్లలో ఆ మసి నల్ల పొగై బయటికి పోయి మన ఊపిరితిత్తుల్లో చేరేది.

అందుకని 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 అనే నియమం పెట్టారు. డీజిల్లో గంధకాన్ని పది లక్షల పాళ్ళకు 50 నుంచి 10కి తగ్గించారు. ఈ నియమానికి తగ్గట్టు కొత్త డీజిల్ బండ్లకి పొగ గొట్టంలో మసి జల్లెడ పెడుతున్నారు. దీన్ని డి.పి.ఎఫ్. అంటారు. తేనెపట్టు లాగ సన్న గదులుంటాయి. పొగ గోడల గుండా దూరి పోతుంది, మసి లోపల ఆగిపోతుంది.

ఆగిన మసి ఏమవుతుంది? పొగ గొట్టం సుమారు 600 డిగ్రీలు వేడెక్కితే మసి కాలిపోతుంది. హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు పోతే ఆ వేడి వస్తుంది. మా మావ బండి కొండదారిలో మెల్లగా కొంచెం దూరం పోయి ఆగుతుంది, మళ్ళీ పోయి ఆగుతుంది. గొట్టం వేడెక్కేలోపే ఇంజను ఆపేస్తాడు. అందుకే మసి నిండింది.

మన హాస్టలు వంటశాలలో పొగ గొట్టం మూసుకుపోతే ఏమవుతుంది? పొగ వెనక్కి కొట్టి పొయ్యి సరిగా మండదు. ఇంజను కూడా అంతే. పాత పొగ పోకపోతే కొత్త గాలి రాదు. బండిలో ఉన్న కంప్యూటరు ఇది కనిపెట్టి, ఇంజను పాడవకుండా డీజిల్ తగ్గించేస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు, అంటే కుంటినడక. బండి మోసం చెయ్యలేదు, తనను తాను కాపాడుకుంది.

బలం తగ్గడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. గాలి ఫిల్టరులో దుమ్ము పట్టవచ్చు. డీజిల్ ఫిల్టరులోకి నీరు చేరవచ్చు. గాలి పైపు ఊడవచ్చు. అందుకని ఊహించి విప్పకూడదు, మిషను పెట్టి చూపించాలి.

దారిలో బలం తగ్గితే ఏం చెయ్యాలి?

1. కంగారుపడి రోడ్డు మధ్యలో ఆపకూడదు. ఇండికేటరు వేసి ఎడమ అంచుకి తేవాలి. నాలుగు దీపాలు వెలిగించాలి.

2. ఇంజను పూర్తిగా ఆగిపోతే స్టీరింగు, బ్రేకు బరువెక్కుతాయి. బ్రేకు మాటిమాటికీ తొక్కి వదలకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టాలి. బండి కదులుతుండగా తాళం తీయకూడదు, స్టీరింగు బిగుసుకుపోతుంది.

3. అందరూ ఎడమ వైపు నుంచి దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి. వెనక దూరంగా ఎర్ర త్రికోణం పెట్టాలి. రాళ్ళు పెడితే పోయేటప్పుడు తీసేయాలి, లేకపోతే రాత్రి ఇంకొకరి ప్రాణం పోతుంది.

4. వేడి గొట్టం ఉన్న బండిని ఎండిన జీడాకుల మీద ఆపకూడదు. నిప్పు అంటుకుంటుంది.

5. ఎర్ర దీపం అంటే వెంటనే ఆపాలి. పసుపు దీపం అంటే తొందరగా చూపించాలి.

6. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకి 108.

తరువాత ఏమయింది?

మొదట దీపం వెలిగినప్పుడే హైవే మీద ఒక ఇరవై నిమిషాలు పోయి ఉంటే మసి దానంతట అదే కాలిపోయేదట. మావ చూడలేదు కాబట్టి షెడ్డులో మిషనుతో కాల్చవలసి వచ్చింది. రెండు రోజుల కిరాయి పోయింది. తాత రెండు గంటలు ఆలస్యంగా చేరాడు. చివరి వంతులో ఎక్కించారు. రాత్రి అమ్మ ఫోను చేసి "తాత బాగున్నాడు" అనే వరకు ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

ఇప్పుడు నేను ఆ దీపాల బొమ్మలు కాగితం మీద గీసి, పక్కన తెలుగులో అర్థం రాసి పంపాను. మావ దాన్ని స్టీరింగు పక్కన అంటించాడు. వారానికి ఒకసారి హైవే మీద సోంపేట దాటి పోయి వస్తున్నాడట.

మీ ఇళ్ళల్లో బండి ఉంటే, మోటారు ఉంటే, మందుల చీటీ ఉంటే, దానితో వచ్చిన పుస్తకాన్ని కవరు విప్పి చూడండి. మన ఇళ్ళల్లో చదివేవాళ్ళం మనమే మొదలు. మనం చదివి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు
మీ 9వ తరగతి విద్యార్థిని