బొమ్మను పోల్చుకొను పసికన్ను

తొమ్మిది నెలల శిశువు ముందు రంగుల బొమ్మల పుస్తకము తెరచి పెట్టినచో, బొమ్మలోని గిలకను వేళ్లతో గీకును, పట్టుకొని లాగబోవును. ఇది తెలివితక్కువతనము కాదు. కాగితముపై నున్నది వస్తువు కాదనియు, దాని రూపము మాత్రమే యనియు ఆ వయస్సున ఇంకను తెలియదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జూడీ డిలోచ్, ఆమె సహచరులు 1998లో ఈ సంగతి ప్రకటించిరి. బొమ్మలు అరుదైన ఐవరీకోస్టు పల్లెలలోని శిశువులును అట్లే చేసిరి. పందొమ్మిదవ నెల వచ్చుసరికి, పుస్తకములకు అలవాటుపడిన బిడ్డలు గీకుట మాని, వ్రేలితో చూపి పేరు పలుకసాగిరి.

మరియొక పరిశోధన 1962 నాటిది. దాదాపు బొమ్మలే చూపక, వాటి పేర్లు చెప్పక పెంచిన ఒక శిశువు, పందొమ్మిది నెలలు దాటిన పిమ్మట తానెరిగిన వస్తువుల గీత చిత్రములను చూచి పేర్లు చెప్పగలిగెను. అనగా పోల్చుకొను శక్తి పుట్టుకతోనే కొంత కలదు. కాని ముందు వస్తువు పరిచితమై యుండవలెను. బొమ్మతో ఏమి చేయవలెనో మాత్రము ఒడిలో కూర్చుండబెట్టుకొని మాటలాడు పెద్దల వలననే తెలియును.

హుజూర్‌నగర్ చుట్టుపట్ల, సాగరు ఎడమ కాలువ క్రింది పల్లెలలో బిడ్డ యెరిగినవి బర్రె, ట్రాక్టరు, వడ్లరాశి, కోడిపిల్ల. అంగన్‌వాడీ గోడకు రంగులు వేయించునపుడు పంచాయతీ సభ్యులు వీనినే ముందు వ్రాయింపవలెనని మా అభిప్రాయము. అక్షరమాలలోని ఋషిని ఏ రెండేండ్ల బిడ్డ చూచి యుండును? బొమ్మలు బిడ్డ కంటి యెత్తున, నేలనుండి రెండు మూడడుగులలో నుండవలెను. పైకప్పు క్రిందనున్న బొమ్మ పెద్దల అలంకారమే. చేతిఫోను ఈ పని చేయజాలదు. ఏడాది లోపు శిశువునకు తెర వద్దనియు, రెండేండ్లు నిండిన పిమ్మట దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

ఇక ముఖ్యమైన మాట. మూడు నెలలు నిండినను తల్లి మొగము వంక చూడని శిశువును, కనుపాప తెల్లగా కనిపించు శిశువును తడవు చేయక కంటి వైద్యునకు చూపవలెను. పుట్టుకతో వచ్చిన శుక్లమును ఆలస్యముగా తీసినచో, కన్ను బాగుపడినను మెదడు చూచుట నేర్వలేకపోవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించును. అవి వచ్చు తేదీని ముందురోజు దండోరా వేయించినచో, కూలికి పోవు తల్లులు ఆనాడు బిడ్డలతో ఇంటిపట్టున నుందురు.