ఇంట్లో ఆ చెయ్యి ఎంత కదులుతోంది?

మెదడుకు రక్తం చేరవేసే నాళం పూడుకుపోయినా, చిట్లినా ఆ భాగంలోని కణాలు దెబ్బతిని, వాటి అధీనంలో ఉండే ఎదుటి పక్క చెయ్యి, కాలు, మూతి పట్టు తప్పడాన్నే పక్షవాతం అంటారు. నాళం పూడుకున్న రోగికి నాలుగున్నర గంటల లోపల గడ్డను కరిగించే మందు ఇస్తే నష్టం తగ్గుతుందన్న సంగతి ఇప్పుడు కొంతమందికైనా తెలుసు గాని, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన తరవాత మొదలయ్యే నెలల తరబడి శ్రమ గురించి మాట్లాడేవారు తక్కువ.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో ఈ శ్రమకు అడ్డంకులు మరీ ఎక్కువ. మందుల, రసాయనాల కర్మాగారాల్లో షిఫ్టుల మీద బతికే కుటుంబంలో ఒకరికి కాలూ చెయ్యీ పడిపోతే, ఫిజియోథెరపీకి తీసుకువెళ్లే మరొకరి కూలి కూడా ఆ రోజుకు పోతుంది కనుక, కొన్ని వారాలకే ఆ రాకపోకలు తగ్గి, క్రమంగా ఆగిపోతాయి. ఆ ఖాళీలోకి పావురం రక్తం రుద్దే వైద్యాలు ప్రవేశిస్తాయి. వాటివల్ల పోయేది డబ్బు మాత్రమే అయితే అంత బాధ లేదు, మెదడు త్వరగా కోలుకోగలిగే తొలి నెలలు కూడా వాటితోనే పోతాయి.

చచ్చిన కణాలు తిరిగి పుట్టవు గాని, చుట్టుపక్కల కణాలు కొత్త సంబంధాలు ఏర్పరచుకుని ఆ పనిని కొంతవరకు అందుకోగలవు. అందుకు ఒకే కదలికను పదేపదే చేయడం తప్పనిసరి. జంతువులపై జరిపిన ప్రయోగాల్లో రోజుకు 400 నుంచి 600 సార్లు అభ్యాసం చేయించగా, అమెరికా, కెనడా చికిత్సా కేంద్రాలను పరిశీలించి 2009లో వెలువరించిన ఒక అధ్యయనంలో, రోగి చేతితో పనికొచ్చే కదలికలు చేసిన చికిత్సా సమయాల్లో కూడా ఒక్కో సమయానికి వాటి సగటు 32 దగ్గరే ఆగిపోయింది. దీనికి తోడు, పడిపోయిన చేతిని వాడకపోవడమే అలవాటుగా మారుతుంది. కుడిచెయ్యి పడిపోయిన మనిషి ఎడమచేత్తో అన్నం తినడానికి మొహమాటపడతాడు, ఇంటివారు ముద్దలు కలిపి నోట్లో పెడతారు, చొక్కా గుండీలు కూడా వారే పెడతారు. ఆ ప్రేమ వల్లనే కోలుకోగలిగిన చెయ్యి కూడా ఒడిలో ముడుచుకుని కూర్చుంటుంది. బాగున్న చేతికి తొడుగు వేసి, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం సేపు దాన్ని కట్టడి చేసే పద్ధతి మేలు చేస్తుందని 2006లో ఎక్సైట్ అనే పరిశోధన నిరూపించింది గాని, అందుకు ఎంతో కొంత కదలిక మిగిలి ఉన్న చెయ్యి కావాలి, ఇంటివారికి గట్టి మనసు కావాలి.

ఇంట్లో ఆ చెయ్యి నిజంగా ఎంత కదులుతోందో చెప్పడంలోనే ఒంటికి ధరించే పరికరాల అసలు ప్రయోజనం ఉంది. రెండు మణికట్లకూ గడియారం వంటి పట్టీలు కడితే, వాటిలో వేగం మార్పునూ తిరుగుడునూ పసిగట్టే సెన్సర్లు, అంటే సెల్‌ఫోన్ తెర అడ్డంగా తిరగడానికి కారణమయ్యే బాపతువే, రోజంతా ఏ చెయ్యి ఎంతసేపు కదిలిందో నమోదు చేస్తాయి. ఆరోగ్యవంతుల్లో రెండు చేతుల వాడకం నిష్పత్తి సుమారు 0.95 ఉంటుంది, పక్షవాతం వచ్చినవారిలో అది ఎంతకు పడిపోయిందో, వారం వారం ఎంత పెరుగుతోందో చూసి ఫిజియోథెరపిస్టు వ్యాయామాన్ని మార్చవచ్చు. అయితే ఈ పట్టీకి వివేకం తక్కువ: గతుకుల రోడ్డు మీద ఆటో కుదుపునూ, నడకలో చెయ్యి ఊగడాన్నీ అది పనిగానే లెక్కిస్తుంది, గ్లాసు అందుకోవడానికి రోగి మోచెయ్యి చాపకుండా నడుము వంచి సరిపెట్టుకున్నా, ఆ తేడా దానికి తెలియదు. అందుకే కొన్ని పరికరాల్లో ఛాతీకీ దండచేతికీ కూడా సెన్సర్లు అమరుస్తారు.

కాలి విషయంలో ఒంటికి ధరించే పరికరం అనే ఆలోచన మరింత పాతది. పాదం ముందుభాగం వేలాడి నేలకు తగులుతూ నడిచేవారికి, చెప్పులోని మీట ద్వారా మడమ లేచిన క్షణాన్ని గుర్తించి, మోకాలి దిగువ నరానికి స్వల్ప విద్యుత్తు పంపి పాదాన్ని పైకి లేపే సాధనాన్ని లిబర్సన్ బృందం 1961లోనే ప్రకటించింది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా దీని జోలికి పోకూడదు.

సంగారెడ్డి జిల్లాకు ఈ రంగం పరాయిది కాదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ అండతో ఎదిగిన బీఏబుల్ హెల్త్ అనే అంకుర సంస్థ, ఆటల రూపంలో చేతి వ్యాయామం చేయించే ఆర్మ్‌ఏబుల్ పరికరాన్ని తయారుచేసింది. అది ఒంటికి ధరించేది కాకపోయినా, విసుగు పుట్టించే పునరావృతిని ఓపికగా చేయించడమే దాని లక్ష్యం కూడా. సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన వైద్య పరికరాల పార్కు ఉండనే ఉంది.

పరికరం వెనుక దాని లెక్కలు చదివే మనిషి లేకపోతే అది ఉత్త గడియారమే. మన దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టులో ఇంటివారికే వ్యాయామం చేయించే శిక్షణ ఇచ్చిన అటెండ్ పరిశోధన 2017లో వెలువడింది. ఆరు నెలల తరవాత మరణాల్లో గాని, పరాధీనతలో గాని రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందుకు ఉన్నట్టే కదలికకూ మోతాదు ఉంటుంది. దాన్ని కొలిచి సరిదిద్దే నిపుణుడు లేకుండా కేవలం శిక్షణతో సరిపెట్టడం చాలదని ఈ ఫలితాన్ని అర్థం చేసుకోవడం సబబు.

ఇక రోగి కోల్పోయే కూలి విషయానికొస్తే, కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ) చందా చెల్లించే కార్మికుడికి అనారోగ్య భృతిగా 91 రోజుల వరకు 70 శాతం వేతనం అందుతుంది. శరీరం ఒక పక్క పడిపోవడం దీర్ఘవ్యాధుల జాబితాలో ఉన్నందున, షరతులకు లోబడి 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా భృతి పొడిగించవచ్చు. ఈ హక్కును యూనియన్లు ప్రతి షెడ్డులోనూ తెలియజెప్పాలి. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి, కందిలోని ఐఐటీ ఒకే రహదారి మీద ఉన్నాయి కనుక, మణికట్టు పట్టీలను రోగులకు మూడు నెలల పాటు అరువిచ్చి, వాటి లెక్కలను వారానికోసారి ఫోనులోనే చూసి సలహా చెప్పే ఫిజియోథెరపిస్టును నియమించే పని అక్కడే మొదలుపెట్టాలి.