ఖండములు కలిసిన చేను

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు పోవు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి మొట్టమొదట కంటబడునవి గుండ్లు. ఏనుగంతవి, ఇల్లంతవి, ఒకదానిపై నొకటి ఎవరో పేర్చి పోయినట్లు నిలిచియుండును. చిన్నతనమున మా అవ్వ వానిని చూపి, రాక్షసులు గోలీలాడి విడిచిన రాళ్లని చెప్పెడిది. భూగోళశాస్త్రము చదివిన పిదప తెలిసిన సంగతి అంతకన్న వింతైనది. ఆ గుండ్లు ఎవరును తెచ్చి పెట్టినవి కావు. అవి భూమి లోపల ఒక్క బండగా ఏర్పడి, పగుళ్లు వారి, ఆ పగుళ్ల వెంట దిగిన వాననీటికి మూలలు ముందుగా కుళ్లి, నడిమి భాగము గుండ్రముగా మిగిలినవి. చుట్టునున్న మెత్తని మన్ను వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడినవి. గుండు కదలలేదు, నేలయే దిగిపోయినది.

ఈ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. హిమాలయములు దీని ముందు నిన్న మొన్నటి పసిబిడ్డలు. ఒకప్పుడు మన ద్వీపకల్పము ఆసియాఖండములో లేదు. ఆఫ్రికా, మడగాస్కరు, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కూడి దక్షిణార్ధగోళమున ఒకే మహాఖండముగా ఉండెను. మన మధ్యభారతపు గోండుల నాటి పేరనే శాస్త్రజ్ఞులు దానికి గోండ్వానా అని నామకరణము చేసిరి. అది ముక్కలైన పిమ్మట మన ముక్క ఉత్తరమునకు జరిగి జరిగి, సుమారు 5 కోట్ల ఏండ్ల క్రిందట ఆసియాను ఢీకొన్నది. కనుక మదనపల్లె గుండ్లకు బంధువులను వెదుక వలెనన్న హిమాలయములకు పోరాదు. ఆఫ్రికా పీఠభూములకు పోవలెను. అచ్చటను ఇట్టి బోడికొండలే, ఇట్టి గుండ్ల గుట్టలే, ఇట్టి ఎర్రనేలలే కానవచ్చును.

ఈ మూడు ఊళ్లును మైసూరు పీఠభూమికి తూర్పు అంచున ఉన్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తు. కుప్పమును దాదాపు అంతే. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగినచో ఒక్క గంటలో గాలి మారిపోవును. చిత్తూరు చేరునప్పటికి చెమట తుడుచుకొనవలసినదే. వేసవిలో తిరుపతి కుతకుతలాడునపుడు మదనపల్లెలో రాత్రి దుప్పటి వెదకుకొందురు. ఈ చల్లదనమును మొదట కనిపెట్టినవారు పశువుల కాపరులు. పిమ్మట కడపకు కలెక్టరుగా వచ్చిన హార్స్‌లీ దొర, ఏనుగు మల్లమ్మ కొండపై ఇల్లు కట్టుకొనెను. 1265 మీటర్ల ఎత్తుగల ఆ కొండకు దొర పేరే నిలిచిపోయినది. మల్లమ్మను తలచువారు చుట్టుప్రక్కల పల్లెలవారు మాత్రమే.

ఈ గాలి ఎందరినో రప్పించినది. 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట బసచేసి, జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాయుటయు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరము కూర్చుటయు అందరికిని తెలిసిన కథయే. అంతగా తలపునకు రాని సంగతి ఆరోగ్యవరము. క్షయకు మందు లేని కాలమున రోగికి ఇయ్యగలిగినది పొడిగాలి, విశ్రాంతి, మంచి ఆహారము, ఇంతియే. అందువలననే ఈ మెట్టపై 1915లో క్షయ చికిత్సాలయము తెరవబడినది. గాలిని నమ్ముకొని కట్టిన ఆ ఆసుపత్రియే, సూదిమందుల యుగము వచ్చినపుడు ముందు వరుసలో నిలిచినది. 1948లో మన దేశమున తొలుదొలుత బి.సి.జి. టీకాలు వేసిన తావులలో మదనపల్లె ఒకటి.

ఇక చేలోనికి దిగుదము. ఈ సీమలో ఒక మధ్యతరగతి రైతు చేనును నిదానముగా చూచినచో ఖండములన్నియు అక్కడ కలిసియున్నట్లు తోచును. గట్టుమీది చింతచెట్టు ఆఫ్రికా నుండి వచ్చినది. రాగియు అచ్చటిదే, ఇథియోపియా, ఉగాండా మెట్టనేలలలో మొదట సాగై, వేల ఏండ్ల క్రిందటనే మనకు చేరినది. రాగిసంగటి వంటి ముద్దను తూర్పు ఆఫ్రికా పల్లెలలో ఈనాటికిని తినుచున్నారు. రాయి విడిపోయి కోట్ల ఏండ్లైన పిమ్మట, ఆ రాతి నేలకు అలవాటుపడిన గింజ సముద్రము దాటి వచ్చి, విడిపోయిన తోబుట్టువు ఒడిలో మరల మొలచినది. ఇందు దైవఘటన ఏమియు లేదు. వంటి నేల, వంటి ఎండ, వంటి వాన దొరకినచోట గింజ నిలిచినది, అంతే. అయినను నాకు ఆ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల సంగటి మరింత రుచించును.

వేరుసెనగ దక్షిణ అమెరికాది. టమోటాయు అక్కడిదే, పోర్చుగీసువారి ఓడల కాలమునకు పూర్వము మన వంటయింట దాని పేరెవరును ఎరుగరు. నేడో, మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమునందలి పెద్ద మార్కెట్లలో ఒకటి. పట్టుపురుగు, మల్బరీ చీనా దేశపువి. టిప్పుసుల్తాను మైసూరున పట్టు పరిశ్రమను నెలకొల్పిన తరువాత ఈ ఎగువసీమకు ప్రాకినవి. కొండమీది నీలగిరి తైలవృక్షములు ఆస్ట్రేలియావి. ఇన్నింటి నడుమ అచ్చముగా ఈ దేశపు బిడ్డలని చెప్పదగినవి ఉలవ, కంది. వానలో ఉలవను చూచినవారికి దాని గట్టితనము తెలియును. అన్ని పైరులును మాడిన ఏటను గుప్పెడు ఉలవలు ఇంటికి వచ్చును. అయినను దానిని గుర్రపు దాణా అని చిన్నచూపు చూచుట మనకు అలవాటైనది.

ఈ నేలయొక్క కొలత పుంగనూరు ఆవులో కనబడును. మూడడుగులకు మించని ఎత్తు, నూటయేబదికి అటునిటు కిలోల బరువు. ఈ పొట్టితనము లోపము కాదు, లెక్క. మేత తక్కువైన మెట్టసీమలో పెద్ద శరీరమును పోషించుట పశువునకు భారము, రైతునకు అంతకన్న భారము. చిన్న శరీరము కొద్దిపాటి ఎండుగడ్డితో బ్రతుకును; ఇచ్చు పాలు కొంచెమే అయినను వెన్న మెండు, నూటికి ఎనిమిది పాళ్ల వరకును ఉండును. సీమ జాతుల సంకరము పెరిగి, పాలను లీటర్లలో కొలుచుట మొదలైన తరువాత ఈ జాతి అంతరించిపోవు స్థితికి వచ్చినది. పలమనేరు పశుపరిశోధన కేంద్రములో దానిని కాపాడుచున్నారు. ఇటీవల నగరములలోని ధనికులు మేడలముందు ముద్దుకొరకు పెంచుచున్నారు. పుంగనూరు పేదరైతు కొరకు పుట్టిన ఆవును ఇప్పుడు పుంగనూరు పేదరైతు కొనలేడు.

ఈ సీమ కథయంతయు చివరకు నీటియొద్దకే వచ్చును. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలపై తన బరువు దింపుకొని, ఇచ్చటికి తేలికపడి వచ్చును. ఈశాన్య ఋతుపవనము సముద్రము నుండి మెట్టెక్కి వచ్చునప్పటికి అలసియుండును. రెండు చేతుల నుండియు కొంచెము కొంచెము అందును గాని ఏ చేతి నుండియు కడుపు నిండదు.

పడిన నీరు ఎటు పోవును? మదనపల్లె ప్రక్కన పారు బాహుదా, చెయ్యేటిలో చేరి, పెన్నలో కలిసి, నెల్లూరు మీదుగా బంగాళాఖాతమునకు పోవును. కుప్పము ప్రాంతపు నీరు పాలారులో చేరి తమిళదేశమునకు పోవును. ఈ రెంటి నడుమ ఎక్కడనో, చూచుటకు సాదా నేలవలెనే కనబడు ఒక గట్టు ఉన్నది. దానికి అటునొక చినుకు, ఇటునొక చినుకు పడినచో రెండును మరల సముద్రములోనే గాని కలియవు. ఒకమారు ఒక ముసలి రైతు నాతో, "మా ఊరి వాన నెల్లూరికి పోతాది, కుప్పం వాన అరవదేశానికి పోతాది. మాకు మిగిలేది బురదే గదా సామీ!" అనెను. భూగోళ పాఠమును ఇంత క్లుప్తముగా చెప్పిన ఉపాధ్యాయుని నేనెరుగను.

పూర్వులు ఈ పారిపోవు నీటిని చెరువులలో పట్టిరి. వేలకొలది చెరువులు, కుంటలు గొలుసుకట్టుగా నిర్మించిరి. పై చెరువు మరవ పోయినచో ఆ నీరు క్రింది చెరువునకు వచ్చును. కట్ట కాచుటకు, తూము ఎత్తుటకు, ఎవరి మడికి ఎన్ని గడియల నీరో పంచుటకు ఊరికొక నీరుగంటి ఉండెడివాడు. పంట కళ్లములో అతనికి మేర కొలిచెడివారు. మదనపల్లెలో పట్టుమగ్గముల సందడికి పేరుపొందిన నీరుగట్టువారిపల్లె పేరులో ఆ వృత్తియే వినబడుచున్నదని నా తలంపు.

చెరువు నిండినచో దాని క్రింది బావులకు ఊట వచ్చెడిది. కపిలకు ఎద్దులను కట్టి తోడుకొనెడివారు. ఇందులోని కిటుకు రాతిలో ఉన్నది. నల్లరాయి నీరు పీల్చదు. పైనున్న కుళ్లిన పొర, అదియు పది ఇరువది మీటర్లు మాత్రమే, స్పంజివలె నీటిని పట్టియుంచును. దాని క్రింద గట్టిబండ. అందలి పగుళ్లలో దొరకినదే నీరు. పైపొరలోని నీరు ఏటేట వానకు మరల నిండును. లోతు పగుళ్లలోనిది ఎన్నో ఏండ్లుగా చేరిన నిలువ. తోడినంత వేగముగా నిండదు. మోటారు పంపులు వచ్చి, బోర్లు వచ్చి, మొదట పైపొర ఎండినది. తరువాత 200 అడుగులు, 500 అడుగులు, నేడు 1000 అడుగులు దాటియు వేయుచున్నారు. నీరుపడునో పడదో చెప్పుటకు కొబ్బరికాయను అరచేత నిలిపి చేను చుట్టువారు ఇప్పటికిని ఉన్నారు. బోరు బండి వచ్చిన రాత్రి ఆ ఇంట ఎవరును నిద్రపోరు. తెల్లవారుజామున గొట్టమునుండి తెల్లని రాతిపొడి మాత్రమే ఎగిరినచో, ఇంటి ఇల్లాలి మెడలోనిది తాకట్టునకు పోవును.

టమోటాయు ఈ జూదమునకు తోడైనది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున కిలో ధర 200 రూపాయల దరిదాపునకు పోయినది. ఆ మాట పత్రికలన్నియు వ్రాసినవి. కోతకూలి గిట్టక బాటప్రక్కన పారబోసిన ఏండ్లు అంతకన్న ఎక్కువ. వానిని వ్రాసినవారు తక్కువ. యువకులు బెంగుళూరు త్రోవ పట్టుచున్నారు. కుప్పమువారికది మరియు సులభము. జోలార్‌పేట నుండి బెంగుళూరునకు 1864లో పడిన రైలుదారి వారి ఊరిమీదుగనే పోవుచున్నది. పుంగనూరునకు రైలే లేదు. మదనపల్లె రోడ్డు స్టేషనో పట్టణమునకు దూరమున ఉన్నది.

కుప్పమును గూర్చి వేరుగా ఒకమాట చెప్పవలెను. పటములో చూచినచో అది ఆంధ్రదేశము తన కాలిని కన్నడ, తమిళ దేశముల నడుమకు చాచినట్లుండును. సంతలో బేరమొక భాష, లెక్క ఒక భాష, తిట్టు మూడవ భాష. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తునుకలను కలిపి కుట్టిరి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు పోయినది. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. గీతలు ఎన్నిమారులు మారినను సంత మారలేదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును ఇచ్చట నెలకొల్పుట తగిన పనియే. రాతి వరుసయు సరిహద్దును ఎరుగదు: కోలారు బంగారు గనుల శిలాపంక్తి దక్షిణమునకు సాగి కుప్పము ప్రక్కన చిగురుగుంట వరకు వచ్చినది. అచ్చటి గనియు, కోలారు గనులును 2001లో మూతపడినవి.

నీరు మాత్రము సరిహద్దును బాగుగా ఎరుగును. పాలారు కర్ణాటకమున 93, ఆంధ్రమున 33, తమిళనాట 222 కిలోమీటర్లు పారును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికలో పాలారును చేరినది. 2006లో గణేశపురము వద్ద ఆంధ్ర ప్రభుత్వము జలాశయము తలపెట్టగా తమిళనాడు సుప్రీంకోర్టునకు పోయెను. వాణియంబాడి రైతు, తన నదికి వచ్చు చుక్క ఎగువన ఆగిపోవునని భయపడుట తప్పు కాదు. కుప్పము రైతు, తన చేనిమీద పడిన చినుకు తనకు దక్కదా అని అడుగుటయు తప్పు కాదు. 33 కిలోమీటర్ల నది ఇద్దరికి తీర్పు చెప్పలేక ఏడాదిలో అధికభాగము ఇసుకయై పడియుండును.

అయితే ఈ మెట్ట ఎల్లప్పుడును ఎండియే యుండునని తలపరాదు. 2021 నవంబరులో చెయ్యేటికి వరద వచ్చి, దిగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలు కొట్టుకొనిపోయినవి. బండనేలపై కుంభవృష్టి పడినచో నిలుచుటకు చోటుండదు. చెరువులు పూడి, కాలువలు ఆక్రమణకు గురియైన సీమలో ఆ నీరు మరింత వేగముగా దిగును.

ఇప్పుడు బయటినుండి ఒక నది వచ్చినది. శ్రీశైలము జలాశయపు నీటిని మల్యాల వద్ద ఎత్తి, కర్నూలు, అనంతపురము సీమలను దాటించి, హంద్రీనీవా కాలువలో తెచ్చుచున్నారు. పుంగనూరు శాఖ నుండి కుప్పము శాఖ చీలినది. 2025 ఆగస్టులో కృష్ణాజలము కుప్పము ప్రాంతపు చెరువులకు చేరినది. మహాబలేశ్వరమున పుట్టిన నది, 500 కిలోమీటర్లకు పైగా కాలువలో నడచి, 400 మీటర్ల పైచిలుకు ఎత్తు మెట్టుమెట్టుగా ఎక్కి, పాలారు పరీవాహములో అడుగుపెట్టినది. భూగోళము వేరుచేసిన గట్టులను విద్యుత్తు దాటించినది. ఆ విద్యుత్తు ఖర్చు ఏటేట చెల్లవలసినదే. ఎగువన కృష్ణ నిండని ఏడు ఇచ్చటికి ఎంత చేరునో ఆ ఏడే తెలియును.

నీరు వచ్చిన కొలది దినములకు నేనొక చెరువు కట్టమీదికి పోతిని. తూము తలుపు తుప్పుపట్టి యుండెను. దానిని ఎత్తుట ఎట్లో అచ్చటి పడుచువారికి తెలియలేదు. ఊరిలో ఒక పెద్దాయన ఉన్నాడనియు, వాళ్ల నాయన నీరుగంటి పని చేసెననియు చెప్పి, ఆయనను పిలుచుకొని వచ్చుటకు ఒక పిల్లవానిని పంపిరి.