రామంతపూర్ టీ.వీ. స్టేషను ఎవరిది?

హైదరాబాదు దూరదర్శన్ ఎవరిదని బస్సులో ఎవర్నడిగినా "గవర్నమెంటుదే కదండీ!" అంటారు. ఆ మాట పూర్తిగా నిజమూ కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

మన ఊరి టీ.వీ. అరువు సొమ్ముతో మొదలైంది. 1975 ఆగస్టులో 'సైట్' ప్రయోగం కోసం అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అడిగి తెచ్చుకున్నాం. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు పెట్టెలిచ్చారు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులోనే తయారయ్యేవి. పొద్దుగూకితే ఊరంతా ఒక్క పెట్టె ముందు చేరేది. 1976 జూలైతో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది.

ఈలోగా, 1976 ఏప్రిల్ 1న, టీ.వీ. ఆకాశవాణి నుంచి విడిపడి దూరదర్శన్ పేరుతో వేరుకాపురం పెట్టింది. పెత్తనం మాత్రం ఢిల్లీలోని సమాచార ప్రసార శాఖదే. హైదరాబాదు కేంద్రం 1977లో మొదలైంది.

ఎమర్జెన్సీలో రేడియో, టీ.వీ. ఎవరి పాట పాడాయో జనం చూశారు. అందుకే జనతా ప్రభుత్వం వర్గీస్ కమిటీ వేసింది. 'ఆకాశ భారతి' అనే స్వతంత్ర ట్రస్టు పెట్టమని 1978లో కమిటీ చెప్పింది. ప్రభుత్వం పడిపోయింది, ఆ ట్రస్టు రానేలేదు. 1990లో ప్రసార భారతి చట్టమైతే అయింది గానీ ఏడేళ్ళు అటకమీదే ఉంది. ఇచ్చేదాకా అధికారానికి చేతులు రావు మరి!

ఇక్కడ ఇద్దరు తెలుగువాళ్ళను తలుచుకోవాలి. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. 1997లో చట్టాన్ని అమల్లోకి తెచ్చిన నాటి మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి. ఆ నవంబరు 23న ప్రసార భారతి ఏర్పడి, రామంతపూర్ కేంద్రం దాని చేతికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇక్కడి ఛానెల్ 'యాదగిరి' అయింది, 'సప్తగిరి' పేరు విజయవాడకు వెళ్ళింది.

మరి ఇప్పుడు స్వతంత్రమేనా? జీతాల డబ్బు ఇంకా కేంద్రమే ఇస్తుంది. పైగా చట్టం 23వ సెక్షను ప్రకారం, దేశ సమైక్యత, భద్రత వంటి కారణాలు చూపి ఫలానాది ప్రసారం చేయమనీ, చేయొద్దనీ ప్రభుత్వం ఆదేశించవచ్చు. అలా చేసిన ప్రసారం ప్రభుత్వ ఆదేశం మీదే చేశామని ప్రేక్షకులకు చెప్పే హక్కు కూడా అదే సెక్షనులో ప్రసార భారతికి ఉంది, అది చెప్పదలుచుకుంటే.