రసీదు పుస్తకం నుంచి సొంత అప్లికేషన్ దాకా



రంజాన్ నెల వచ్చిందంటే మన సంఘాల్లో పని ఒక్కసారిగా పెరుగుతుంది. జకాత్, సదఖా, ఫిత్రా అన్నీ కొద్ది రోజుల్లోనే వస్తాయి. కొందరు నగదు ఇస్తారు, కొందరు ఫోన్‌లో పంపుతారు, గల్ఫ్‌లో ఉన్నవారు బ్యాంకులో వేస్తారు. ఫిత్రా అయితే ఈద్ నమాజుకు ముందే పేదల చేతికి అందాలి. ఇంత లెక్కా చాలాచోట్ల ఒకే నోటు పుస్తకంలో, ఒకే మనిషి చేతిరాతలో ఉంటుంది. ఆయన నిజాయితీని ఎవరూ శంకించరు. కానీ ఆయన ఊళ్లో లేని రోజున ఒక దాత ఫోన్ చేసి, "నేనిచ్చిన జకాత్ ఏ ఖర్చుకు వెళ్లింది?" అని అడిగితే జవాబు చెప్పేదెవరు?

లెక్క రాయడం మన ధర్మానికి కొత్త కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే అల్-బఖరా సూరాలోని 282వ ఆయతే దివ్యఖురాన్‌లో అన్నిటికంటే పొడవైనది. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో ఎవరికి ఎంత భత్యం చెందాలో పేర్లతో రిజిస్టరు పెట్టించారు. దాని పేరు దివాన్. మన తెలుగులోని దివాణం అన్న మాట ఆ మాట నుంచి వచ్చినదే. ఈ రోజు ఆ రిజిస్టరునే కంప్యూటర్‌లో, మన అవసరానికి తగ్గట్టు, మనమే తయారు చేసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ చదివి ఉండాల్సిన పని లేదు.

డేటాబేస్ అంటే ఏమిటి? చిట్టా, ఆవర్జా తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక్కో విషయానికి ఒక్కో పట్టిక ఉంటుంది. దాతలకు ఒకటి, సాయం పొందే కుటుంబాలకు ఒకటి, వచ్చిన సొమ్ముకు ఒకటి, ఇచ్చిన సొమ్ముకు ఒకటి. ఈ పట్టికలను నంబర్లతో ఒకదానికొకటి ముడివేస్తాం. 1970లో ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. బ్యాంకుల లెక్కలు, రైల్వే రిజర్వేషన్లు నడిచేది కూడా ఇలాంటి పట్టికల మీదే.

నంబరు ఎందుకంటే, పేరుతో పని జరగదు గనుక. ఒకే మనిషి పేరును ఒకరు మహమ్మద్ అని, ఒకరు మొహమ్మద్ అని, మరొకరు ఎండీ అని రాస్తారు. ఒకే వాడలో ముగ్గురు ఖాజాబీలు ఉండవచ్చు. పేరునే నమ్ముకుంటే ఒక కుటుంబానికి రెండుసార్లు రేషన్ కిట్టు వెళుతుంది, మరో వితంతువుకు అసలు చేరదు. ప్రతి కుటుంబానికీ ఒక విడి నంబరు ఇస్తే ఈ తికమక ఉండదు.

పట్టికలను విడదీయడం ఎందుకో మన ప్రాంతమే చెబుతుంది. 2016 అక్టోబరు దాకా దౌల్తాబాద్ మండలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. ప్రతి కుటుంబం పేరు పక్కన జిల్లా రాసుకున్నవారు వందల వరుసలు దిద్దుకోవాలి. గ్రామాలకు, మండలాలకు విడిగా చిన్న పట్టిక పెట్టుకున్నవారు ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నిధుల విభజన. జకాత్ ఎవరికి చెందుతుందో అత్-తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా చెప్పింది. మస్జిద్ గోడకు సున్నం వేయడానికి ఆ సొమ్ము వాడరాదని అత్యధిక ఫుఖహాల మాట. సదఖా అయితే ఇలాంటి పనులకూ వాడవచ్చు. బ్యాంకులో అన్నీ ఒకే ఖాతాలో ఉన్నా, లెక్కలో విడివిడిగా ఉండాలి. సొంత అప్లికేషన్‌లో ప్రతి జమకూ, ప్రతి చెల్లింపుకూ "నిధి రకం" అనే గడి పెట్టి, దాన్ని నింపకుండా రసీదు రాకుండా చేయవచ్చు. జకాత్ నిధిలో మిగులు లేకపోతే చెల్లింపు నమోదు కాకుండానూ ఆపవచ్చు. ఆ జాగ్రత్త నోటు పుస్తకానికి తెలియదు.

ఇక నేర్చుకునే క్రమం. మొదటి వారం కంప్యూటర్ ముట్టనక్కర్లేదు. కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోవాలి: మన దగ్గరికి ఏ సమాచారం వస్తుంది? సంవత్సరం చివర ఏ జవాబులు కావాలి? ఆ జవాబులను బట్టి పట్టికలు గీయాలి. తర్వాత కంప్యూటర్‌లో పట్టికలు, వాటిని నింపడానికి ఫారాలు, వాటి నుంచి జవాబులు తీసే నివేదికలు చేయాలి. చివరగా ఎవరు ఏం చూడవచ్చో, ఎవరు ఏం మార్చవచ్చో నిర్ణయించాలి. తయారయ్యాక ఒక నెలపాటు రసీదు పుస్తకం, అప్లికేషన్ రెండూ నడపాలి. నెలాఖరున రెండు మొత్తాలూ పైసాతో సహా కలిస్తేనే పుస్తకం పక్కన పెట్టాలి.

సాధనాలు చాలా ఉన్నాయి. లిబ్రేఆఫీస్‌లోని బేస్ ఉచితం, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ చాలామంది అకౌంటెంట్లకు తెలిసినదే. చెన్నైకి చెందిన జోహో సంస్థ క్రియేటర్, 2020లో గూగుల్ కొన్న యాప్‌షీట్ అయితే ఫోన్‌లోనూ పనిచేస్తాయి. ఇంటింటికీ తిరిగి సర్వే చేసే కార్యకర్తలకు అది వీలు. ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి: మన సమాచారమంతా మామూలు ఫైలుగా బయటికి తీసుకోగలమా? తీసుకోలేకపోతే ఆ సాధనం వద్దు. రేపు కంపెనీ ధర పెంచినా, సేవ ఆపేసినా మన లెక్క మన చేతిలోనే ఉండాలి.

కొన్ని హెచ్చరికలు కూడా. సాయం తీసుకున్నవారి పేదరికం మన దగ్గర అమానతు. అవసరం లేని ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు, ఫొటోలు నింపి పెట్టుకోవద్దు. దాతకు ఇచ్చే నివేదికలో ఎన్ని కుటుంబాలకు ఎంత అందిందో ఉంటే చాలు, పేర్లు అక్కర్లేదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. వారానికోసారి నకలు తీసి వేరే చోట దాచాలి. తయారు చేసిన కుర్రాడు రేపు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోవచ్చు. అందుకే కనీసం ఇద్దరు నేర్చుకోవాలి, ఏ పట్టిక దేనికో నాలుగు పేజీల్లో రాసి పెట్టాలి. అప్లికేషన్ ఉంది కదా అని ఆడిటరును మానుకోకూడదు.

80జీ గుర్తింపు ఉన్న సంస్థలు 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలను ఏటా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తోంది. దాత పాన్ నంబరు, చెల్లించిన విధానం మొదటి రోజే నమోదై ఉంటే సంవత్సరాంతంలో ఆ పట్టిక నిమిషాల్లో సిద్ధమవుతుంది.

ఇందులో మన యువతకు మరో మేలు ఉంది. తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు ఉన్నాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏ లారీలో ఎంత రాయి వెళ్లింది, ఏ కూలీకి ఎంత బాకీ, ఏ రైతు కంది ఎన్ని బస్తాలు అన్న లెక్కలకూ ఇవే పట్టికలు, ఇవే ముడులు. సంఘం లెక్క మీద చేయి తిరిగిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ అదే విద్యతో దుకాణాలకు, మిల్లులకు అప్లికేషన్లు చేసిపెట్టి సంపాదించుకోవచ్చు. పట్నం పోకుండా, ఇంట్లో నుంచే చేయగల పని గనుక ఆడపిల్లలకు మరీ అనుకూలం.

దాతలారా, మీ వంతు రెండు పనులు. ఒకటి: సంఘానికి ఒక కంప్యూటర్, సాయంత్రం తరగతికి ఒక శిక్షకుడి జీతం మీ సదఖా నుంచి ఇవ్వండి, జకాత్ నుంచి కాదు. రెండు: మీరిచ్చిన సొమ్ము ఏ నిధిలో జమ అయింది, ఎంత ఖర్చయింది అని ఏడాదికి ఒకసారైనా అడగండి. అలా అడగడం అనుమానించడం కాదు. సంఘం మోస్తున్న అమానతులో మీరూ ఒక భుజం పట్టడమే.