మోకాలి బలం... లెక్క తప్పితే!

కర్నూలు, కడప జిల్లాల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. బండ ఒకటే ఉండాలి, సమయం ఒకటే ఉండాలి. ఆ తర్వాతే ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్న లెక్క. ఒక జతకు గట్టినేల, మరో జతకు బురదనేల ఇస్తే ఊరుకుంటారా? ఎద్దుల విషయంలో ఇంత పట్టింపు ఉన్నచోటే... కబడ్డీలో మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడి కాలిని మాత్రం ఓసారి చేత్తో నొక్కి చూసి ‘బాగానే ఉంది, ఆడుకో’ అనేస్తుంటారు.

చేత్తో చూసే పరీక్ష పనికిరానిదేం కాదు. కండరం బలానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులేస్తారు. పక్షవాతం వచ్చిన కాలు కోలుకుంటోందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. చిక్కంతా ఆటగాళ్లతోనే. తొడ కండరం నాలుగోవంతు బలం కోల్పోయినా ఆ కాలిని పరీక్షించేవారి చెయ్యి ఆపలేదు. అయిదుకు అయిదూ వచ్చేస్తాయి! చేతిలో ఇమిడే డైనమోమీటరుతో కొలిచినా అదే తంటా. పట్టుకున్న చెయ్యి వెనక్కి జరిగితే అంకె తగ్గుతుంది. అప్పుడు తెలిసేది ఆటగాడి బలం కాదు, పట్టుకున్నవారి బలం. పరికరాన్ని బెల్టుతో మంచానికి బిగిస్తే ఈ లోపం చాలావరకు పోతుంది.

వీటికన్నా నమ్మకమైనది ఐసోకైనెటిక్ యంత్రం. 1960ల్లో అమెరికాలో పుట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి నడుమునూ తొడనూ బెల్టులతో కట్టేస్తారు. ఎంత గట్టిగా తన్నినా కాలు ముందే పెట్టిన వేగంతోనే కదులుతుంది... సాధారణంగా సెకనుకు 60 డిగ్రీలు. తోపు ఎంతన్నది న్యూటన్ మీటర్లలో తెరమీద కనిపిస్తుంది.

అంత ఖరీదైన యంత్రమూ తప్పు చెప్పగలదు! మోకాలు దాని ఇరుసుకు సూటిగా లేకపోయినా, కాలి బరువును లెక్కలో సవరించకపోయినా అంకె మారిపోతుంది. మొదటిసారి తన్నడంలో ఒడుపు తెలియదు. రెండోసారికి అలవాటై అంకె పెరుగుతుంది, బలం పెరగకుండానే. అందుకే ముందు కాసేపు వార్మప్, కొన్ని ఉత్తుత్తి ప్రయత్నాలు తప్పనిసరి. అయిదారు శాతం తేడాకు మురిసిపోవడానికీ లేదు, బెంగపడటానికీ లేదు. ఇక మొదటి పరీక్ష హైదరాబాద్‌లో, రెండోది బెంగళూరులో చేయించుకుని పోల్చిచూస్తే... బండ మార్చి లాగించినట్లే.

ఇంకో మెలిక ఉంది. దెబ్బతిన్న కాలికి రెండో కాలి బలంలో 90 శాతం వస్తే ఆడొచ్చన్నది వాడుక. నెలల తరబడి ఆట మానేస్తే ఆ రెండో కాలూ నీరసపడుతుంది. దానితో పోలిస్తే 90 రావడం ఏమంత గొప్ప? ఆపరేషన్‌కు ముందే బాగున్న కాలిని కొలిపించి ఆ కాగితం దాచుకోవడం మేలు.

ఇదంతా ఎందుకంటే... 2016లో వెలువడిన నార్వే పరిశోధకుల అధ్యయనంలో, బలం, గెంతు పరీక్షలన్నీ నెగ్గాక ఆటకు వెళ్లినవారిలో 5.6 శాతం మందికే మళ్లీ మోకాలు దెబ్బతింది. నెగ్గకుండా వెళ్లినవారిలో ఏకంగా 38.2 శాతం మందికి! తొమ్మిది నెలల వరకూ, ఆటను ఒక్కో నెల వాయిదా వేసేకొద్దీ ముప్పు సుమారు సగం తగ్గుతూ వచ్చింది.

యంత్రం అందుబాటులో లేకపోతే? అదే ఫిజియోథెరపిస్టు, అదే మంచం, అదే బెల్టు, వీలైతే రోజులో అదే వేళ. ఒంటికాలి గెంతును టేపుతో కొలవొచ్చు. ప్రతిసారీ తేదీ, అంకె నోటుపుస్తకంలో రాసుకోవాలి. ‘సంక్రాంతి పోటీలకు ఇంక నెలే ఉంది, వచ్చెయ్’ అని తొందరపెట్టే జట్టువాళ్లకు చూపించడానికి కూడా ఆ పుస్తకం పనికొస్తుంది.